దున్న ఎక్కిన ఎత్తు

మా వీధి గిన్నె అడుగున ఉన్నట్టు ఉంటుంది. ఎటు పోవాలన్నా ఎక్కాల్సిందే. అన్నిటికంటే నిటారైనది ఆసుపత్రికి పోయే రోడ్డు. దాని నిండా నల్లరాళ్లు పరిచారు. చక్రాలు తిరిగి తిరిగి అవి నునుపు తేలాయి. ఎండాకాలం ఏ పేచీ లేదు. వాన పడిందంటే మాత్రం సబ్బు రాసినట్టు అవుతుంది.

మా అత్తయ్యకి కిడ్నీలు పని మానేశాక, వారానికి మూడుసార్లు ఆ ఎత్తెక్కి డయాలసిస్‌కి వెళ్లాల్సి వచ్చింది. మిషన్ దగ్గర ఆవిడ వంతు పొద్దున్నే. ఆలస్యమైతే ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. మళ్లీ ఎప్పుడు ఖాళీ అయితే అప్పుడే. అంతసేపూ ఒంట్లో నీరు ఒంట్లోనే ఉంటుంది. ఆసుపత్రి పక్కనే రోగులు ఉండటానికి గదులున్నాయి, అక్కడ ఉంచెయ్యండి అని డాక్టరమ్మ మొదట్లోనే చెప్పింది. అత్తయ్య ససేమిరా అంది.

"నా మంచం, నా కిటికీ, నా కోడలు అన్నీ కిందే ఉన్నాయి. నేను పైకెందుకు పోతాను?"

మంచం, కిటికీ అయ్యాక మూడో స్థానం నాది. అదైనా దక్కిందని నవ్వుకున్నాను. డాక్టరమ్మ కూడా నవ్వి, సరే, వేళకి తీసుకురాగలిగినన్నాళ్లు ఇంట్లోనే ఉండనివ్వండి, ఒక్కసారి తప్పినా ఇక పైకి మార్చాల్సిందే అంది. అలా అత్తయ్య ఇంట్లో ఉండటమన్నది ఒక కారు ఆ రోడ్డు ఎక్కడం మీద ఆధారపడింది.

మా ఇంట్లో రెండు కార్లు ఉండేవి. రెండూ పాతవే. ఒకటి మా ఆయన కిరాయికి తిప్పిన పెద్ద కారు. ఆయన పోయాక దాన్ని అమ్మడానికి అత్తయ్యా ఒప్పుకోలేదు, నాకూ మనసు రాలేదు. రెండోది మా మరిదిది, వేరే కంపెనీ చిన్న కారు. పెళ్లీ పెడాకులూ లేని మనిషి, మందుల గోదాములో పని. అన్నయ్య పోయాక, అమ్మా వదినా ఇద్దరే అయిపోయారని పైనున్న తన అద్దె గది వదిలేసి, కారుతో సహా మా పల్లంలోకి దిగి వచ్చాడు.

కార్లకి పేర్లు పెట్టింది అత్తయ్యే. పెద్దది దున్న, చిన్నది మేక. దున్నకి ఇంజను ముందుండేది గానీ తిరిగేవి వెనక చక్రాలు. ముందు నుంచి వెనక్కి కింద పొడుగాటి ఇనపరాడ్డు ఒకటి పోయేది. దానికి చోటు కోసం కారు లోపల నేల మధ్యలో గూనిలా లేచి ఉండేది. వెనక సీటు మధ్యలో కూర్చుని, వాచిన కాళ్లు రెండూ ఆ గూని మీద పెట్టుకోవడం అత్తయ్యకి అలవాటు. అది వెచ్చగా కూడా ఉండేది. మేకకి ఆ రాడ్డు లేదు. ఇంజనూ ముందే, తిరిగే చక్రాలూ ముందువే. లోపల నేల చదునుగా, గది ఊడ్చినంత సులువుగా ఊడ్చుకోవచ్చు. నేను కార్ల సీట్లకి కవర్లు కుట్టి బతికేదాన్ని కాబట్టి నాకు కార్ల లోపలి సంగతులు తెలుసు. బానెట్టు కింద సంగతులు తెలియవు. స్టీరింగు ఎప్పుడూ పట్టుకోలేదు.

"మీ ఆయన బండి నన్ను వెనక నుంచి తోసేది పిల్లా, వీడి బండి ముందు నుంచి లాగుతుంది. నా వయసులో ఎవరైనా లాగితే నడుం పట్టేస్తుంది" అనేది అత్తయ్య.

మరిది నవ్వేవాడు.

దున్నకి వానంటే చిన్నప్పటి నుంచీ భయం అని మా ఆయన అనేవారు. తడి రాళ్ల మీద దాని తోక పక్కకి జారేది. వెనక బరువుంటే వెనక చక్రాలు నేలని పట్టుకుంటాయి. అందుకని వానాకాలం రాగానే నేను టెంటు గుడ్డతో సంచులు కుట్టేదాన్ని. ఆయన వాటిలో ఇసుక నింపి డిక్కీలో పెట్టేవారు. అది చాలకపోతే మనుషుల్ని ఎక్కించేవారు. ఎత్తు మొదట్లో ఆపి హారన్ కొట్టి, "బరువున్నోళ్లు రండి" అని పిలిచేవారు. పైకి పనున్నవాళ్లు పరిగెత్తుకొచ్చి వెనక సీట్లో ఇరుక్కునేవాళ్లు. చోటు లేకపోతే డిక్కీ మీద కూర్చునేవాళ్లు. కిరాయి లేదు, వాళ్ల బరువే కిరాయి. మూల మీద రొట్టెల దుకాణం ఆయన ఎప్పుడూ ముందుండేవాడు. తన పొట్ట ఈ వీధికి పనికొచ్చేది ఆ ఒక్క చోటే అని ఆయనే చెప్పుకునేవాడు. సన్నగా ఉండే ఇస్త్రీ ఆయన ఎక్కబోతే, నువ్వు ఎక్కితే ఎంత దిగితే ఎంత అని తోసేసేవాళ్లు. వాన రోజుల్లో మా వీధి మొత్తం దున్న వెనక వేలాడుతూ పైకెక్కేది. నేను చూసినన్నేళ్లలో అది ఎక్కని వాన లేదు.

మరిది డ్రైవింగు నేర్చుకున్నది దున్న మీదే, అన్నయ్య పక్కన కూర్చుని. ఆ ఎత్తు, ఆ సంచులు, ఆ హారన్ అన్నీ అన్నయ్య దగ్గర నేర్చుకున్నవే. తర్వాత మేకని కొన్నాడు గానీ, ఇన్నాళ్లూ పైన చదును వీధుల్లో ఉన్నాడు. వానలో దాన్ని మా ఎత్తు ఎక్కించే అవసరం ఎప్పుడూ రాలేదు.

ఆ వేసవిలో దున్న మోత మొదలుపెట్టింది. వెనక ఇరుసు మధ్యలో ఉండే పళ్ల చక్రాలు అరిగాయన్నాడు మెకానిక్. కొత్తవి దొరకవు, ఇంకో పాత బండిది ఊడదీసి వెయ్యాలి, అది ఎన్నాళ్లుంటుందో చెప్పలేనన్నాడు. షెడ్డులో పట్టేది ఒక్క కారే. రెండోది వీధిలో పెడితే వానాకాలం నీళ్లు ఇంజను దాకా వస్తాయి. ఏదో ఒకటి ఉంచుకోవాలి. ఏది ఉంచుకోవాలో మరిది తనంతట తను తేల్చలేదు. అది అన్నయ్య బండి కదా. మా ఇద్దరి ముందే రెండిటినీ పోల్చి చూద్దామన్నాడు.

ఆ ఆదివారం వాకిట్లో రెండు కార్లూ పక్కపక్కన నిలబడ్డాయి. అత్తయ్య కుర్చీ వేయించుకుని పెళ్లిచూపులకి వచ్చినట్టు కూర్చుంది. మరిది న్యాయంగానే పోల్చాడు, అది నేను ఎక్కడైనా చెప్తాను. దున్న తలుపు గట్టిది, మేక తలుపు రేకు. దున్న సీటు ఎత్తు, ఎక్కడం దిగడం తేలిక. మేక సీటు పల్లం. అత్తయ్య అందులో కూర్చుని, కూర్చున్నానా పడ్డానా అని అడిగింది. దున్న ఒకసారి పోయి రావడానికి తాగే పెట్రోలుతో మేక రెండుసార్లు పోయొస్తుంది. పొద్దున్నే దున్నని లేపాలంటే బతిమాలాలి. మేక తాళం తిప్పగానే లేస్తుంది. దాని సామాన్లు ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి.

ఇక చివరిగా ఎత్తు. అత్తయ్యని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ముందు దున్నని ఎక్కించాడు. అది మోత పెడుతూ, సగం దూరంలో కాలిన వాసన కొడుతూ, ఎలాగో పైకి చేరింది. తర్వాత అలాగే ఆవిడని ముందు కూర్చోబెట్టుకుని మేకని ఎక్కించాడు. గుక్క తిప్పుకోకుండా ఎక్కేసింది. రోడ్డు ఎండిపోయి ఉంది. వాన మాట మాలో ఎవరికీ తట్టలేదు.

"మేక కొండెక్కుతుందమ్మా. దున్న బురదలో పడుకుంటుంది. పేర్లు పెట్టింది నువ్వే కదా" అన్నాడు మరిది దిగుతూ.

అత్తయ్య చాలాసేపు దున్న వంకే చూసింది. ఆ తర్వాత నా వంక చూసి, "నువ్వేమంటావు పిల్లా?" అంది.

నేనేమంటాను? ఒకటి మా ఆయనది, ఒకటి పని చేసేది. మీ ఇష్టం అన్నాను. ఆవిడ కొడుకు వంక తిరిగి, నా ఇల్లు నాకుంచే బండి ఏదైతే అదే ఉంచరా అంది.

పాత ఇనుము ఆయన వచ్చి దున్నని తీసుకుపోయాడు. పోయే ముందు మరిది డిక్కీ తెరిచి ఇసుక సంచులు బయటికి తీశాడు. అవి కూడా పోతాయేమో అనుకున్నాను. ఒక్కొక్కటే మోసుకెళ్లి మేక డిక్కీలో సర్దాడు. ఒక సంచి మూల చిరిగి ఇసుక కారుతుంటే, కుట్టి పెట్టు వదినా, వానలొస్తున్నాయి అన్నాడు. కుట్టి పెట్టాను. అన్నయ్య సంచుల్ని అంత భద్రంగా చూసుకుంటున్నాడని నాకు ముచ్చటేసింది. అత్తయ్యకీ అంతే. దున్న పోయినా దాని పద్ధతి ఉందిలే అంది.

వానలు మొదట్లో పల్చగా పడ్డాయి. సంచులతోనే మేక ఎక్కింది. ఒకటి రెండుసార్లు ముందు చక్రాలు గిర్రున తిరిగాయి గానీ మళ్లీ పట్టు దొరికింది. ఇంకో సంచి వేద్దాం అన్నాడు మరిది. వేశాడు.

ఆ సోమవారం సంగతి వేరు. శని ఆదివారాలు మిషన్ ఉండదు కాబట్టి సోమవారానికి ఆవిడ ఒంట్లో నీరు ఎప్పుడూ ఎక్కువే. పైగా వాన తెల్లవార్లూ పడుతూనే ఉంది. తెల్లారేసరికి పడుకుంటే ఊపిరాడటం లేదని లేచి కూర్చుంది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, ఈ వానలో అంబులెన్సు ఆ రాళ్ల రోడ్డు దిగదు, పైదాకా తీసుకురండి, ఎత్తు మీద ఆగి ఉంటాం అన్నారు.

మరిది మేకని వాకిట్లోకి తెచ్చాడు. ఆవిడని వెనక సీట్లో, నాకు ఆనించి కూర్చోబెట్టాం. వెనక బరువుండాలి కదా వదినా, నువ్వూ వెనకే ఉండు అన్నాడు. డిక్కీ నిండా సంచులు. ఎత్తు మొదట్లో ఆపి, అన్నయ్య కొట్టినట్టే హారన్ కొట్టాడు. మా ఆయన పోయాక ఆ హారన్ వినడం అదే మొదలు. రొట్టెల దుకాణం ఆయన చేతులకి పిండితోనే పరిగెత్తుకొచ్చాడు. ఇస్త్రీ ఆయన కూడా వచ్చాడు. ఈసారి ఆయన్ని ఎవరూ తోసెయ్యలేదు. మేకకి వెనక సీటు ఇరుకు, ఇద్దరూ డిక్కీ మీదే కూర్చున్నారు.

కారు కదిలింది. కొంచెం దూరం ఎక్కింది. అక్కడ ముందు చక్రాలు ఉన్నచోటే తిరగడం మొదలుపెట్టాయి. రబ్బరు మాడిన వాసన లోపలికి వచ్చింది. ముక్కు ఎడమకి తిరిగింది, తర్వాత కారు మొత్తం నెమ్మదిగా వెనక్కి జారింది. మరిది బ్రేకు తొక్కితే తొక్కుతూనే జారింది. మళ్లీ కిందకి వచ్చాం. మళ్లీ ఎక్కాడు, మళ్లీ అక్కడే జారింది. ఇంకా బరువు కావాలని కిటికీలోంచి అరిచాడు. ఎవరో ఇద్దరు వచ్చి డిక్కీ మీద వాళ్ల వెనకే సర్దుకున్నారు. కారు ముందు భాగం లేచి నిలబడ్డట్టు అయింది. ఈసారి ముందు ఎక్కినంత కూడా ఎక్కలేదు.

అందరూ దిగి తోశారు. వాళ్ల కాళ్లే నిలవలేదు. కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుపోదామన్నాడు రొట్టెల దుకాణం ఆయన. దింపి, కుర్చీ ఎత్తి, కాస్త దూరం వెళ్లారో లేదో ఆయన మోకాలి మీద పడ్డాడు. కుర్చీ ఒరిగితే ఇస్త్రీ ఆయన ఒళ్లు అడ్డం పెట్టి ఆపాడు. మళ్లీ కారులోకి చేర్చాం. ఆవిడ చీర తడిసిపోయింది. గొడుగు పట్టడం తప్ప నేను చేసిందేమీ లేదు. వందల కార్లకి సీట్లు కుట్టాను, ఒక్క కారుని ఒక్క మూర ముందుకి కదపడం నాకు రాదు.

ఆవిడ తల నా భుజం మీద ఉంది. ఊపిరి తీస్తుంటే లోపల నీళ్లు చప్పుడయ్యాయి.

"దిగి తోస్తావా ఏంటి పిల్లా" అంది మధ్యలో. నవ్వించడానికే అంది. నాకు నవ్వు రాలేదు.

మరిది ఇక ముందుకి చూడటం మానేశాడు. ఇంటికి తిప్పి తాడు తెస్తాను, పైనుంచి ఎవరి చేతనైనా లాగిస్తాను అన్నాడు. తాడు ఎక్కడుందో, పైన లాగేవాళ్లెవరో అతనికీ తెలియదు. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి అన్నాడు. డిక్కీ మీద వాళ్లంతా అప్పటికే దిగి ఉన్నారు. ఇరుకు రోడ్డు, కారు తిప్పడానికి ముక్కు కిందికి పెట్టి, కొంచెం రివర్సు కొట్టాడు. అప్పుడు కారు వెనక్కి, అంటే పైకి, గట్టిగా పట్టుకుని కదిలింది. అతను ఆపాడు. మళ్లీ రివర్సు వేశాడు. మళ్లీ పట్టుకుంది.

అద్దంలో అతని ముఖం నాకు కనపడింది. ఏదో అర్థమైన ముఖం అది. నాకప్పుడు ఏమీ అర్థం కాలేదు. చెయ్యి తన పక్క సీటు మీద వేసి, మెడ పూర్తిగా వెనక్కి తిప్పి, ఆ ఎత్తు మొత్తం కారుని రివర్సులో ఎక్కించాడు. కిందనుంచి రొట్టెల దుకాణం ఆయన నోరు తెరిచి చూస్తున్నాడు. ముందు అద్దంలోంచి మా వీధి, మా షెడ్డు, ఆవిడ కిటికీ చిన్నవవుతూ కనపడ్డాయి.

"ఇల్లు చూసుకుంటూ పోతున్నాను" అంది అత్తయ్య. ఆ తర్వాత మాట్లాడలేదు.

పైన అంబులెన్సు లేదు. చాలాసేపు చూసి వెళ్లిపోయిందట. మరిదే ఆసుపత్రి దాకా నడిపాడు. ఆవిడ వంతు మంచంలో ఇంకెవరో పడుకుని ఉన్నారు, రక్తం గొట్టాల్లో తిరుగుతోంది. మధ్యలో తియ్యడం కుదరదన్నారు. అది నిజమే, ఆ మనిషికీ ఎవరో ఒక కోడలు పక్కన కూర్చుని ఉంది. అత్తయ్యకి ముక్కుకి ఆక్సిజన్ పెట్టి వరండాలో కూర్చోబెట్టారు. మేము ఇద్దరం చెరో పక్క నిలబడ్డాం. నర్సు ఎప్పుడు తలుపు తీసినా మరిది ఒక అడుగు ముందుకేసేవాడు, ఆమె తల అడ్డంగా ఊపితే ఒక అడుగు వెనక్కేసేవాడు. మధ్యాహ్నం దాటాక మంచం దొరికింది. ప్రాణం నిలబడింది. డాక్టరమ్మ మమ్మల్ని తిట్టలేదు. ఇక కిందికి తీసుకెళ్లొద్దు అని మాత్రం అంది.

ఆవిడ మంచం మరిది మేక మీద కట్టుకుని పైకి తెచ్చాడు. ఆసుపత్రి పక్కన తీసుకున్న గది మంచిదే. కిటికీ కూడా ఉంది, అందులోంచి కార్లు ఆపే చోటు కనిపిస్తుంది. కోడలికి మాత్రం అందులో చోటు లేదు. ఒక్కరికే గది, రాత్రి ఇంకొకరు ఉండకూడదు. నేను పొద్దున కవర్లు కుట్టుకుని మధ్యాహ్నం ఎత్తెక్కి వెళ్లి, చీకటి పడకుండా దిగి వస్తాను.

ఒక సాయంత్రం మరిదితో కలిసి కారులో దిగుతున్నాను. వాన లేదు. సంచులు ఎప్పుడో తీసి పారేశాడు, నేను అడగలేదు. అతనికి ఏం అర్థమైందో అప్పటికి నాకూ అర్థమైంది. దున్నకి బరువు వెనక కావాలి, మేకకి ముందు కావాలి. రివర్సులో ఎక్కితే ఆ ముందు చక్రాలే పల్లం వైపు ఉంటాయి, బరువంతా వాటి మీదే పడుతుంది. మేం దున్నకి చేసిన సేవంతా మేకకి చేశాం. ఆ రోజు జారిన చోటికి వచ్చేసరికి కారు నెమ్మది చేశాడు.

"వదినా, ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. అన్నయ్య బండి ఉండి ఉంటే ఆ రోజు ఎక్కేదా?"

నాకు మా ఆయన హారన్ వినపడింది. డిక్కీ మీద పొట్టలూ, నవ్వులూ, ఆ వానలన్నీ కళ్ల ముందు తిరిగాయి.

"ఎక్కేది కాదు. ఇరుసు పోయింది కదా. సగంలో కూలబడేది" అన్నాను.

అతను గేరు మార్చి కారుని మళ్లీ ముందుకి పోనిచ్చాడు.

"అమ్మకి కూడా అదే చెప్పు" అన్నాడు.

మర్నాడు వెళ్లేసరికి ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. కింద ఆగిన కార్లని చూసి, ఏది తోసేది ఏది లాగేది అని తనలో తను లెక్క పెట్టుకుంటోంది. నేను తల దువ్వుతూ, ఏదో మాటల్లో వచ్చినట్టుగా, ఆ రోజు దున్న ఉన్నా ఎక్కేది కాదట అత్తయ్యా, ఇరుసు అంతగా అరిగిపోయిందట అన్నాను.

ఆవిడ తల కదపలేదు. దువ్వెన జడ చివరి దాకా రానిచ్చింది.

"ఎక్కేదే" అంది. "నాకు తెలుసు, నీకూ తెలుసు. వాడితో మాత్రం అనకు."

అనను అన్నాను. జడ అల్లి ముడి వేశాను. ఇక దిగాలి, చీకటి పడుతోంది. లేవబోతుంటే ఆవిడ కుర్చీ కింద కాళ్లతో దేనికోసమో వెతుకుతోంది. కాళ్లు బాగా వాచి ఉన్నాయి. కింద నేల చదునుగా ఉంది.

"కాళ్ల కింద ఏదైనా పెట్టి పో పిల్లా" అంది.

గదిలో తగినదేమీ కనపడలేదు. నా శాలువా మడతలు పెట్టి, ఎత్తుగా చుట్టి, కాళ్ల కింద పెట్టాను. ఆవిడ రెండు పాదాలూ దాని మీద ఆనించి చూసుకుంది. అది మెత్తగా అణిగిపోయింది.

"సరేలే" అంది.